ఫిట్టరు లేవి తడిగోనె గొట్టాలు

బొగ్గు బస్సు అంటే ఇప్పుడు అందరికీ నవ్వులాటగా ఉంది. పెట్రోలు మళ్లీ దొరకడం మొదలై నిండా ఏడాది కాలేదు, అప్పుడే మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. ఆ బస్సులో కండక్టరుగా నాలుగేళ్ల పైన తిట్లు తిన్నవాణ్ణి నేను. నా పేరు శాంతయ్య. నన్ను చూడకుండానే మావాళ్లు ఆ పేరు పెట్టినారని మా డ్రైవరు ఉరుకుందప్ప అంటాడు. నిజమే, నాకు కోపం ఎక్కువ. కల్లూరులో ఉండలేక పొట్ట చేతబట్టుకుని కడపకు వచ్చిందీ ఆ కోపం వల్లే.

యుద్ధం ఎక్కడో జరుగుతుంటే మన్ను మాత్రం మా నోట్లో పడింది. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. మా ఓనరు బసిరెడ్డి బస్సు వెనక మనిషెత్తు ఇనుప డ్రమ్ము బిగించాడు. అందులో బొగ్గులు పోసి, నిప్పు పెట్టి, చెయ్యి పడిపోయేదాకా పంకా తిప్పితే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసును ఇంజను పీల్చుకుని నడవాలి. చదును నేల మీద నడిచేది, ముసలెద్దులా. కానీ కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు కనుమ ఎక్కాలి కదా. అక్కడ దాని ప్రాణం పోయేది. "దిగండప్పా, అందరూ దిగండి" అని నేను అరవాలి. ఆడవాళ్లూ ముసలివాళ్లూ మూడు మైళ్లు ఎండలో నడవాలి, మొగవాళ్లు బస్సును తొయ్యాలి. తోస్తూ తోస్తూ నా ముందు ఏడు తరాలను తిట్టేవాళ్లు.

ఆ బస్సుకు ఫిట్టరు లేవి. కమలాపురం పక్క పల్లెవాడు. పంతొమ్మిది వందల పద్దెనిమిది జ్వరాల్లో, చిన్నప్పుడే, తల్లీ తండ్రీ వారం తేడాతో పోతే, మిషనువాళ్లు తీసుకుపోయి రేకుపని నేర్పించారు. నోట్లో నాలుక లేని మనిషి. గొట్టం ఎంత కాలుతోందో చూడాలంటే అరచెయ్యి పెట్టడు, చేతి వెనకభాగం ఆనిస్తాడు. ఆ చెయ్యంతా మచ్చలే. నేను జంగాల ఇంటివాణ్ణి, అతని చేతి నీళ్లు తాగను. బస్సు ఆగిపోతే మాత్రం అతని చేతులకేసే చూస్తాను. మాది అట్లాంటి మర్యాద.

అతని భార్య సుంకమ్మ. షెడ్డులో బొగ్గు చితక్కొట్టి జల్లెడ పట్టే పని ఆమెది. పెద్ద ముక్కలుంటే డ్రమ్ములో గ్యాసు పుట్టదు, పొడి ఉంటే గొట్టాలు మూసుకుపోతాయి. అందుకని వక్కంత ముక్కలు ఏరి ఏరి పెట్టేది. ఆమెకు మాత్రం నాలుక ఉంది. నేను అరిచిన రోజు, "అయ్యో సామీ, మీ గొంతు ఆ డ్రమ్ములో పెడితే బొగ్గే అక్కరలేదు" అనేది. నాకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

రెండేళ్లు ఆ బొగ్గుపొడి మింగింది. దగ్గు పట్టుకుంది. మొదట్లో దాన్నీ ఆటపట్టించింది. "మీ బస్సూ నేనూ పోటీ పెట్టుకున్నాం సామీ, ఎవరు ఎక్కువ దగ్గుతారో" అని. నలభై నాలుగు జనవరిలో కొంగులో రక్తం పడింది. ఆ తర్వాత ఆటపట్టించడం మానేసింది. వేసవి వచ్చేసరికి పది అడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేది. అప్పటికి ముప్పై ఏళ్ల మనిషి.

మదనపల్లె దగ్గర కొండల్లో క్షయ ఆసుపత్రి ఉంది. అక్కడి గాలికి బాగుపడి వచ్చినవాళ్లను మేము కళ్లారా చూశాము. లేవి పాదిరిగారి చేత ఉత్తరాలు రాయించాడు. మే నెలలో జవాబు వచ్చింది. ఒక మంచం ఖాళీ అయింది, ఇరవయ్యో తేదీ శనివారం సాయంత్రం దాకా ఉంచుతాం, రాకపోతే వరసలో ఉన్న తర్వాతివాళ్లకు ఇస్తాం అని.

చేతిలో పన్నెండు రోజులు ఉన్నాయి. రైల్లో పోదామంటే రేణిగుంట చుట్టి, బండ్లు మారాలి. పెట్టెల నిండా మిలిట్రీ జనం, కాలు పెట్టే సందు లేదు. దగ్గే మనిషిని అసలు ఎక్కనియ్యరు. మిగిలింది మా బస్సే. రాయచోటి దాకా మా బస్సు, అక్కడి నుంచి మధ్యాహ్నం మదనపల్లె బస్సు. కానీ మధ్యలో కనుమ ఉంది. సుంకమ్మ ఆ మూడు మైళ్లు నడిస్తే పైకి చేరదు. మంచం మీద మోద్దామని లేవి నలుగురినీ అడిగాడు. ఆ జబ్బు మనిషి మంచానికి భుజం పట్టడానికి ఒక్కడు రాలేదు. నన్నూ అడిగాడు. "నాకు పిల్లలుండారప్పా" అన్నాను. అతను తల వంచుకుని పోయాడు.

మర్నాడు వచ్చి, "సామీ, మనిషిని మోసేవాళ్లు లేకపోతే బస్సే మోయల్ల" అన్నాడు. "ఎవురూ దిగకుండా ఎక్కేటట్టు చేస్తా."

"నీ తలకాయ. మూడేండ్లాయ తోస్తాండాం, ఇప్పుడెట్ల ఎక్కుతాది?"

సుంకమ్మ అన్న బెంగళూరులో విమానాల షెడ్డులో పని చేస్తాడు. క్రిస్మసుకు వచ్చినప్పుడు బావకు ఒక సంగతి చెప్పిపోయాడట. విమానం బాగా పైకి పోతే అక్కడ గాలి పలుచనట. ఇంజనుకు చాలదు. అందుకని పంకా పెట్టి గాలిని కుక్కి కుక్కి ఇంజనులోకి తోస్తారట.

"మన గ్యాసూ అంతే సామీ, పలుచన. దాన్నీ తోస్తే సరి" అన్నాడు లేవి.

పాత ఇనుప సామాన్ల అంగడిలో కొలిమి పంకా ఒకటి తెచ్చాడు. దానికి తోలు బెల్టు వేసి ఇంజను చక్రానికి తగిలించాడు. బసిరెడ్డి ఒప్పుకున్నాడు, బస్సు తొందరగా పోతే ఆయనకు చేదా? స్టార్టు చేస్తే పంకా హోరున అరిచింది. బస్సు రెండు ఫర్లాంగులు ఎగిరిపడి పోయి, మళ్లీ పాత పాటే పాడింది. "చెప్పలా!" అని నేను విసుక్కున్నాను. లేవి గొట్టానికి చెయ్యి ఆనించి చటుక్కున తీశాడు. చర్మం ఊడింది.

సాయంత్రం నా దగ్గర కూర్చుని చెప్పాడు. "సైకిలు పంపు కొట్టినాక కింద పట్టుకుంటే కాలదా సామీ? కుక్కితే గాలి కాగుతాది. కాగితే ఉబ్బుతాది. మనం పంకాతో కుక్కిందంతా ఆ వేడికి మళ్లా ఉబ్బి పలచనైపోతాండాది."

"అయితే ఏమంటావు? వేడి ఉంటేనే కదప్పా బలం? అన్నమైనా అంతే కదా."

నవ్వాడు. లేవి నవ్వడం నేను చూసింది తక్కువ. "ఏకిన దూది బోరెం సంచి నిండా కుక్కు సామీ. ఎత్తి చూస్తే బరువుండదు. అదే దూదిని నంద్యాల ప్రెస్సులో అదిమి తెచ్చి నింపు. బోరెం అదే, దూది మూడింతలు పట్టింటాది. ఇంజను ఒక్కో గుక్కకు ఇంతే తాగుతాదని లెక్క. ఆ గుక్కలో వేడి గ్యాసుంటే ఏకిన దూది. చల్లబెట్టి పంపితే అదిమిన దూది. ఎంత గ్యాసు పడితే అంత బలం. మా బామ్మర్దీ చెప్పినాడు, పంకాకూ ఇంజనుకూ నడుమ చల్లబెట్టే పెట్టె ఒకటి ఉంటాదంట. ఆ మాట నేను మర్చిపోతి."

అది నాకు బాగా అర్థమైంది. ఈ మండే కడపలో నీళ్లు చల్లబడాలంటే ఏం చేస్తాం? కుండకు తడిగోనె చుడతాం. లేవీ అదే చేశాడు. కిరసనాయిలు డబ్బాల రేకు కత్తిరించి ఎనిమిది గొట్టాలు చుట్టాడు, అతుకులకు తగరం పోశాడు. ముందర రేడియేటరు ఉంది కాబట్టి చోటు లేదు. అందుకని వాటిని బస్సు వెనక, నేల పలకల కింద పాములా మెలికలు తిప్పి కట్టాడు. పంకా తోసిన వేడి గ్యాసు అటు పోయి, ఆ మెలికలన్నీ తిరిగి, చల్లబడి ఇంజనుకు వస్తుంది. గొట్టాల నిండా గోనెపట్టా చుట్టి, పైన నీళ్ల డబ్బా పెట్టి, చుక్క చుక్క పడేటట్టు చిల్లులు కొట్టాడు.

బుధవారం నాడు బస్సులో రాళ్లు వేసుకుని కనుమకు పోయాము. వెనక బెంచీ మీద బసిరెడ్డి జీతగాడు ఒకడు కూర్చున్నాడు, నీళ్లు పోసేందుకు. ఉరుకుందప్ప గేరు మార్చి, దేవుడికి దండం పెట్టి తొక్కాడు. బస్సు ఎక్కింది! మొదటి మెలిక, రెండో మెలిక, ఆగలేదు. "ఎక్కుతాండాది రా, నాయనా! ఎక్కుతాండాది!" అని ఉరుకుందప్ప చక్రం మీద గుద్దుతూ అరిచాడు. సగం దూరం పోయి, చాలనుకుని తిరిగి వచ్చాము. జీతగాడు దిగుతూనే తల పట్టుకుని కక్కుకున్నాడు. తల పగిలిపోతోందన్నాడు. ఎండదెబ్బ అన్నాను నేను. లేవీ అదే అన్నాడు. నిమ్మకాయ నీళ్లు తాగించి పంపించాము.

పంతొమ్మిదో తేదీ శుక్రవారం తెల్లవారుజామున సుంకమ్మను తీసుకొచ్చాడు. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నన్ను చూసి, "సామీ, ఈ పొద్దు మీకు అరిచే పని తప్పించినాడు మా ఆయప్ప" అంది. నాకు సంతోషమే అయింది. ఆ మాట దాచుకోను.

జనం మాత్రం పేచీ పెట్టారు. ఇరవై ఆరు మంది ఎక్కి కూర్చున్నారు. ఆమె దగ్గడం విని, "ఆ జబ్బుది ఈ బస్సులో వస్తే మేము దిగిపోతాం" అన్నారు. లేవి చేతులు జోడించాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. వెనక మూల ఆమెను పడుకోబెట్టి, చుట్టూ టార్పాలిను కట్టి, గాలి ఇటు రాకుండా చెయ్యాలి. ఘోషా ఆడవాళ్లు ఎక్కినప్పుడు మేము కట్టే టార్పాలినే అది. దాన్ని నేనే కట్టాను. కింద అంచులు కూడా మేకులకు బిగించి, సందు లేకుండా కట్టాను.

లేవి సంతోషించాడు, పిచ్చివాడు. ఆ మూల సరిగ్గా గొట్టాల మీదే ఉంది. మే నెల ఎండలో బస్సంతా పెనం కాలినట్టు కాలుతుంటే, తడిగోనె పైన ఉన్న ఆ నేల ఒక్కటే చల్లగా ఉంటుంది. పైగా చల్లదనం ఆమెకు బాగా తగలాలని రెండు పలకలు ఊడదీశాడు. "మంచి జాగా దొరికిందే నీకు" అని భార్యతో అన్నాడు. అందరికంటే సుఖమైన చోటు ఆమెకే ఇచ్చానని అతను నమ్మాడు. నేనూ నమ్మాను.

కనుమ మొదట్లో ఆగి బొగ్గు పోసుకున్నాము. లేవి పక్కన ఫుట్‌బోర్డు మీద నిలబడి చెంబుతో గోనె మీద నీళ్లు కొడుతూ ఉన్నాడు. ఉరుకుందప్ప బస్సును కదిలించాడు. పంకా హోరు, ఇంజను హోరు. జనం గుడ్లప్పగించి చూస్తున్నారు, ఎప్పుడు దిగమంటారోనని. మొదటి మెలిక దాటాక ఎవడో ఈల వేశాడు.

రెండో మెలిక దగ్గర టార్పాలిను వెనక నుంచి సుంకమ్మ గొంతు వినపడింది. "సామీ... పరదా కొంచెం తియ్యండి సామీ. తల తిరుగుతాండాది."

నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. తాడు మీద చెయ్యి వేశాను కూడా. ముందు బెంచీలో ఉన్న వడ్డీ వ్యాపారి ఒకాయన వెనక్కి తిరిగి, "ఏయ్ కండక్టరూ, అది విప్పినావంటే ఈడనే దిగిపోతాం" అన్నాడు. ఇంకో నలుగురు గొంతు కలిపారు. బస్సు ఆగితే మళ్లీ ఎక్కదు. నాకు కోపం వచ్చింది. వాళ్ల మీద రావలసిన కోపం ఆమె మీద వచ్చింది. "ఉండమ్మా కాసేపు! నీ కోసమే కదా ఇంత తంటా! కనుమ దాటేదాకా నోరు మూసుకోని పండుకో!" అని కసురుకున్నాను.

ఇంకొకసారి "సామీ" అంది. చాలా చిన్నగా అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. దగ్గు కూడా ఆగింది. హమ్మయ్య, నిద్రపోయిందనుకున్నాను.

బస్సు కనుమ పైకి చేరింది. ఒక్కడు దిగలేదు, ఒక్కడు తొయ్యలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఉరుకుందప్ప కిందికి దూకి లేవిని కౌగిలించుకున్నాడు. కులం గిలం అన్నీ మరిచిపోయి కౌగిలించుకున్నాడు. లేవి విడిపించుకుని వెనక్కి వచ్చి టార్పాలిను తాడు వదులు చేసి తొంగి చూశాడు. నన్నూ పిలిచాడు.

"చూడు సామీ, మొగం ఎట్ల తేటపడిందో."

నిజంగానే ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, పెదాలు కూడా. ఎన్నో నెలలుగా బూడిద రంగులో ఉన్న ముఖం అది. లేవి చేతుల నిండా మసి, అందుకని ముట్టుకోలేదు. "లేపద్దు. శానా దినాలకు దగ్గకుండా నిద్రపోతాండాది" అని గుసగుసగా చెప్పి, తాడు మళ్లీ కట్టి, గోనె మీద రెండు కడవల నీళ్లు పోశాడు. అక్కడి నుంచి రాయచోటి దాకా నీళ్లు పోస్తూనే ఉన్నాడు. జనాన్ని గట్టిగా మాట్లాడనియ్యలేదు.

రాయచోటికి పదకొండు గంటలకు చేరాము. మదనపల్లె బస్సు అప్పటికే సిద్ధంగా ఉంది. జనం దిగిపోయాక లేవి బావి దగ్గర చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి, "సుంకీ, లెయ్, వచ్చినాం" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి అప్పటికే బిగిసిపోతోంది.

అతను ఏడవలేదు, అరవలేదు. "సుంకీ, వచ్చినాం" అని అదే మాట అంటూ ఉన్నాడు. మదనపల్లె బస్సు డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, ఎవరూ రాకపోతే వెళ్లిపోయాడు. జబ్బు ముదిరి పోయిందనే అందరూ అన్నారు. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను.

లేవి అనుకోలేదు. శనివారం సమాధి చేసి వచ్చి, సోమవారం పంకా తిప్పి గొట్టాలన్నిటి మీదా కుంకుడు నురుగు పూశాడు. గోనె చుట్టిన చోట, మూడు అతుకుల దగ్గర బుడగలు లేచాయి. అతను ఆ బుడగలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ముందర ఇంజను పీలుస్తాండె సామీ. అప్పుడు గొట్టానికి బొక్కుంటే బయటి గాలి లోపలికి పోతాండె, అంతే. నేను తోసే యంత్రం పెట్టినా. తోస్తే బయటికి వచ్చేది ఆ బొగ్గు గ్యాసే కదా, పీలిస్తే మనిషిని సంపే విషం. దానికి వాసన లేదు, పొగ లేదు. ఆ పొద్దు మొగంలో ఎరుపు గూడా దానిదే. గోనె చుట్టి నేనే కండ్లు కప్పుకుంటి. ఆ జీతగాడు కక్కుకున్న పొద్దన్నా నాకు తోచల్ల కదా? యాల తోచలేదు సామీ?"

బసిరెడ్డి మాత్రం గొట్టాలు ఉండనిమ్మన్నాడు, అతుకులు గట్టిగా వేసి. "అయ్యింది ఎట్లా అయిపాయ. బస్సు ఎక్కింది కదప్పా!" అన్నాడు. లేవి సుత్తి తీసుకుని ఎనిమిది గొట్టాలనూ రేకులయ్యేదాకా కొట్టాడు. బసిరెడ్డి తిట్టాడు కానీ పనిలోంచి తీసెయ్యలేదు. అట్లాంటి ఫిట్టరు ఇంకెక్కడ దొరుకుతాడు? మర్నాటి నుంచి కనుమ దగ్గర నేను మళ్లీ "దిగండప్పా" అని అరిచాను. జనం మళ్లీ తోశారు. లేవి కూడా వాళ్లతో కలిసి తోసేవాడు. అంతకు ముందు ఫిట్టరు తోసేవాడు కాదు.

ఒకనాడు తోసి తోసి పైకి వచ్చాక, గట్టు మీద కూర్చుని నన్ను అడిగాడు. ఎన్నాళ్లనుంచి దాచుకున్నాడో ఆ మాట.

"సామీ, నువ్వు ఆ టార్పాలిను పక్కనే ఉంటివి కదా. ఏమన్నా పిలిచిందా? నీళ్లనో, గాలనో?"

"లేదప్పా" అన్నాను. "నిద్రలోనే పోయింది. కష్టపడలేదు."

అతను పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అంతే చాలు సామీ. పిలిచి ఉంటే నేను బతకలేకపోదును" అన్నాడు.

ఇప్పుడు ఆ డ్రమ్ము తీసి పారేశారు. పెట్రోలు బస్సు ఆగకుండా కనుమ ఎక్కుతోంది. లేవి ఇంకా షెడ్డులోనే ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. ఎవరైనా సుంకమ్మ మాట ఎత్తితే, "మా సామి పక్కనే ఉండె ఆమెకు. నిద్రలోనే పోయిందంట. ఆయప్ప చూసుకున్నాడు" అని చెబుతాడు. చెప్పి నాకేసి తిరిగి, రెండు చేతులెత్తి దండం పెడతాడు. నేను ఆ దండం తీసుకుంటాను.